జార్జి ముల్లరు చరిత్రము

దైవమును ప్రార్థింపని మతము లోకమున లేదు. ధనము కొఱకును, సంతానము కొఱకును, వ్యవహారములో జయము కొఱకును, రోగనివృత్తి కొఱకును మనుష్యులు నిత్యము చేతులు జోడించుచునే యున్నారు. కోరినది లభించినచో దేవుడు దయాళుడనియు, లభింపనిచో చెవిటివాడనియు తలంచుట లోకస్వభావము. ఇట్టి ప్రార్థనకును బేరమునకును భేదము స్వల్పము. అయితే దేవుడు ముందుగానే మాట యిచ్చియున్నాడని నమ్మి, ఆ మాటను చేతబట్టుకొని, దిక్కులేని వారి నిమిత్తమై ఆశీర్వాదమును వేడుకొనుట వేఱొక విధమైన ప్రార్థన. అది ప్రార్థించువానిని సోమరిగా జేయునా, కార్యశూరునిగా జేయునా యని విద్యావంతులు తప్పక అడుగుదురు. ఈ ప్రశ్నకు వాదములకంటె నొక మనుష్యుని జీవితము చక్కని యుత్తరమగును. ఇంగ్లండు దేశములోని బ్రిస్టలు పట్టణమున అఱువది సంవత్సరములకు పైగా అనాథ బాలబాలికలను పోషించి, 1898వ సంవత్సరమున కాలధర్మము నొందిన జార్జి ముల్లరు అట్టి జీవితము గడపినవాడు.

ఈతని చరిత్రమును చెప్పబూనుటకు మఱియొక హేతువు గలదు. ఈతడు తన ప్రార్థనలను తేదీలతో గూడ వ్రాసియుంచెను. చేతికి వచ్చిన ప్రతి కాసునకును రసీదు నిచ్చి, యేటేట లెక్కలు అచ్చువేయించి ప్రకటించెను. సాక్ష్యమును శోధించుటయే వృత్తిగా గలవారికి ఇట్టి చరిత్రము ప్రీతికరమగుట సహజము.

ముల్లరు పుట్టుకచేత ఆంగ్లేయుడు కాడు. ప్రష్యా రాజ్యములోని హాల్బర్‌స్టాట్ పట్టణమునకు సమీపమున నున్న క్రొప్పెన్‌స్టెట్ గ్రామమున 1805వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీని జన్మించెను. తండ్రి ప్రభుత్వమువారికి సుంకములు వసూలు చేయు నుద్యోగి. కుమారులకు ధనము విలువ తెలియవలెనని ఆయన వారి బాల్యముననే చేతికి సొమ్మిచ్చుచు వచ్చెను. తలంచినదొకటి, జరిగినదొకటి. బాలుడు సొమ్ము దాచుటకు మాఱుగా వ్యయపఱచి దొంగలెక్కలు చూపుట నేర్చుకొనెను. పదియేండ్లు నిండకమునుపే తండ్రియొద్ద నుండు సర్కారు పైకములో చేయిపెట్టెను. లెక్క తగ్గుచున్నదని సందేహించి తండ్రి యొకనాడు కొంత పైకము నెంచి గదిలో నుంచి, పిల్లవాని నొంటరిగా విడిచిపోయెను. మఱలవచ్చి వెదకగా ఆ పైకము కుమారుని జోడులో, పాదము క్రింద దొరకెను.

ఇట్టి బాలుని తండ్రి మతాచార్యునిగా జేయదలచెను. అందులకు భక్తి కారణము గాదు. ఆచార్యపదవిలో సుఖమైన జీతమును ఇల్లును గలవు గనుక, వార్ధక్యమున కుమారునియొద్ద నిశ్చింతగా కాలము గడపవచ్చునని యాయన యూహ. పది దాటిన పిమ్మట ముల్లరు హాల్బర్‌స్టాట్ పాఠశాలకు పంపబడెను. పదునాలుగవ యేట తల్లి మరణించిన రాత్రి, ఆమెకు జబ్బుచేసిన సంగతి యెఱుగక, ఆతడు రెండుగంటల దాక పేకలాడుచుండెను. మఱునాడు ఆదివారమున తోడివారితో పానశాలకు బోయి, త్రాగి వీధులవెంట తిరిగెను. యుక్తవయస్సు వచ్చిన బాలురను సంఘములో స్థిరపఱచు సంస్కారమొకటి క్రైస్తవులలో గలదు. ఆ సందర్భమున గురువున కిమ్మని తండ్రి యిచ్చిన దక్షిణలో పండ్రెండవ వంతు మాత్రము గురువునకిచ్చి, తక్కినది తాను హరించెను. పదునాఱవ యేట వసతిగృహములలో ధనవంతునివలె బసచేసి, బాకీ చెల్లింపక పాఱిపోబోయి పట్టుపడి, వోల్ఫెన్‌బ్యుటెల్ పట్టణపు చెఱసాలలో 1821 డిసెంబరు 18వ తేదీ మొదలు 1822 జనవరి 12వ తేదీ వఱకు ఉండెను. తండ్రి సొమ్ము కట్టి విడిపించి, యింటికి దెచ్చి చావగొట్టెను.

తరువాత నాతడు చదువులో పేరు సంపాదించెను. నార్ధౌజెన్‌లో విద్యార్థిగా నున్నప్పుడు ఆతని యొద్ద సుమారు 300 గ్రంథములుండెను. వానిలో బైబిలు లేదు. 1825వ సంవత్సరమున హాల్ విశ్వవిద్యాలయమున వేదాంతవిద్యార్థిగా చేరెను. ఆ యేటి వేసవిలో స్నేహితులతో గూడ స్విట్జర్లండు యాత్రకు బోవుటకై పుస్తకములు తాకట్టుపెట్టి, తలిదండ్రులు వ్రాసినట్లుగా దొంగయుత్తరములు సృష్టించి, ప్రయాణపు అనుమతిపత్రములు సంపాదించిరి. త్రోవలో అందఱి సొమ్మును ముల్లరు చేతనే యుండెను. యాత్ర ముగిసి లెక్క తేలునప్పటికి, మిత్రులకైన వ్యయములో మూడింట రెండువంతులే తనకగునట్లు ఆతడు సంచిని నడపెను. ఈ సంచి సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ చరిత్రమునం దంతటను మనము ఆతని చేతిలోని సంచినే చూడబోవుచున్నాము.

ఆ సంవత్సరమే నవంబరు మాసమున నొక శనివారపు సాయంకాలము బేటా యను స్నేహితుడు తాను వాగ్నరు అను వర్తకుని యింట జరుగు ప్రార్థనకు బోవుచున్నానని చెప్పెను. ముల్లరు తానును వచ్చెదననెను. ఆ కూటము మిక్కిలి సామాన్యమైనది. ఆచార్యపట్టము పొందినవాడు లేనిచోట ఉపదేశము చేయుటకు ఆనాటి ప్రష్యాచట్టము సమ్మతింపదు గనుక, అచ్చుపడిన ధర్మోపన్యాసము నొకదానిని చదివిరి, పాటలు పాడిరి, ఒకడు మోకాళ్లూని ప్రార్థించెను. మోకాళ్లూని ప్రార్థించు మనుష్యుని ముల్లరు అంతవఱకు చూచియుండలేదు. తానును ఎన్నడు నట్లు చేసియుండలేదు. వేదాంతవిద్యార్థియైన తాను ఈ విద్యలేని మనుష్యునివలె ప్రార్థింపజాలనుగదా యని యాతని కాశ్చర్యము గలిగెను. ఇంటికి మఱలునప్పుడు, తమ యాత్రలో గన్న దృశ్యములన్నియు ఈ సాయంకాలమునకు సాటిరావని మిత్రునితో ననెను. దుర్వ్యసనములు ఒక్కనాట వీడలేదు గాని, ఆనాటి నుండి త్రోవ మాఱెను.

హాల్ పట్టణమునకు మఱియొక విశేషము గలదు. ఆగస్టు హెర్మన్ ఫ్రాంకే యను ఆచార్యుడు పదునేడవ శతాబ్దము చివర, ధనములేకయే దైవముపై భారముంచి యచట గొప్ప అనాథశరణాలయమును స్థాపించియుండెను. బీదలైన వేదాంతవిద్యార్థులకు ఆ భవనములలో ఉచితముగా వసతి దొరకును. ముల్లరు రెండు మాసము లచట నివసించెను. నాడు పడిన బీజము పదేండ్లకు మొలకెత్తెను.

1829వ సంవత్సరమున ముల్లరు యూదులలో మతప్రచారము చేయు నొక సమాజమువారి యాజమాన్యమున లండనుకు వచ్చెను. జబ్బుపడి, ఆరోగ్యము కొఱకు డెవన్ మండలములోని టైన్‌మత్‌కు బోయి, హెన్రీ క్రెయిక్ అను స్కాట్లండువానితో మైత్రి చేసెను. ఆ స్నేహము యావజ్జీవము నిలిచెను. సమాజమును విడిచి టైన్‌మత్‌లోని చిన్న సంఘమునకు బోధకుడయ్యెను. 1830 అక్టోబరు 7వ తేదీని మేరీ గ్రోవ్సును వివాహమాడెను. ఆ మాసముననే జీతము మానుకొనెను. కారణము విచారింపదగినది. దేవాలయములో ఆసనములకు అద్దె కట్టించి, ఆ సొమ్ముతో బోధకునికి జీతమిచ్చుట ఆనాటి యాచారము. అద్దె యీయగలిగిన ధనవంతునికి ముందు స్థానము, బీదవానికి వెనుక స్థానము. దైవసన్నిధిని ఇట్టి తారతమ్యము అధర్మమని ముల్లరు అద్దెలు రద్దుచేసెను. తనకేమైన నీయదలచినవారు వేయుటకై యొక పెట్టె నుంచి, కొఱత యెంత కలిగినను నోటితో నెవ్వరికిని చెప్పనని నిశ్చయించుకొనెను.

మేరీ గ్రోవ్సు సోదరుడైన ఆంటొనీ నారిస్ గ్రోవ్సు కథకును మన దేశమునకును సంబంధము గలదు. ఆయన ఎక్సెటరు పట్టణమున దంతవైద్యుడు. మంచి రాబడి గల వృత్తిని విడిచి బాగ్దాదుకును, అటనుండి హిందూదేశమునకును వచ్చెను. ఆయన స్వదేశమునకు మఱలి, 1836వ సంవత్సరమున తిరిగి వచ్చునప్పుడు వెంట దెచ్చిన విలియం బౌడన్, జార్జి బీర్ అను వారే గోదావరి మండలపు నరసాపురములో స్థిరపడి, యా ప్రాంతపు క్రైస్తవసంఘమునకు మూలపురుషులైరి.

1832వ సంవత్సరమున ముల్లరును క్రెయికును బ్రిస్టలు చేరిరి. ఆ యేడే పట్టణమున విషూచి వ్యాపించి యెందఱో మరణించిరి. 1834 మార్చి 5వ తేదీని బైబిలు ప్రతులను పంచుటకును, పాఠశాలలు నడపుటకును, ఇతరదేశములలోని బోధకులకు సాయపడుటకును ఒక సంస్థను స్థాపించిరి. దానికి గొప్పవారి పోషకత్వము కోరరాదు, అప్పు చేయరాదు, చందా లడుగరాదు అను నియమములు పెట్టుకొనిరి.

అనాథగృహము స్థాపించుటకు ముల్లరు చెప్పిన కారణము అందఱు నూహించునట్టిది గాదు. బ్రిస్టలులో నొక శ్రామికుడు దినమునకు పదునాలుగు, పదునాఱు గంటలు పాటుపడుచు, దేహమును ఆత్మను గూడ క్షీణింపజేసికొనుచుండెను. కొంత తగ్గించుకొమ్మని ముల్లరు చెప్పగా, తగ్గించినచో పిల్లలకు అన్నమెట్లు దొరకునని యాతడడిగెను. ఇట్టివారిని ముల్లరు పలువురను జూచెను. దేవుడు తన మాటను నేటికిని నిలుపుకొనునని వీరికి గ్రంథములోని వాక్యము చూపుట చాలదు, కన్నులకు గట్టునట్లు ఋజువు కావలెనని యాతనికి దోచెను. ధనములేని యొక మనుష్యుడు ఎవ్వరిని యాచింపక, ప్రార్థనచేతనే అనాథశిశువులను పోషింపగలిగినచో అదియే ఆ ఋజువు. 1835 నవంబరులో నొక స్నేహితురాలి యింట ఫ్రాంకే చరిత్రము కంటబడుటతో ఈ తలంపు దృఢపడెను. ఆ యేడు జూనులోనే ఆతని పసికుమారుడు మరణించియుండెను.

1835 డిసెంబరు 5వ తేదీ రాత్రి బైబిలు చదువుచుండగా 81వ కీర్తనలోని వాగ్దాన మొకటి యాతని మనస్సున నాటుకొనెను. నోరు విప్పి యడిగినవారికి నిండుగ నొసంగుదునని దైవము సెలవిచ్చినట్లు అందున్నది. అంతకుముందు ఆతడు అనాథగృహము తలపెట్టుట దైవసమ్మతమా కాదా యని మాత్రమే ప్రార్థించుచుండెను; దానికి కావలసిన వస్తువులను అడిగియుండలేదు. ఆ రాత్రి మోకాళ్లూని యొక ఇల్లును, 1000 పౌనుల ధనమును, పిల్లలను సాకుటకు తగిన మనుష్యులను స్పష్టముగా నడిగెను. 9వ తేదీని సభచేసి తన యుద్దేశమును తెలిపెను. చందాపళ్లెము త్రిప్పలేదు. సభానంతరమున పది షిల్లింగులు వచ్చినవి. తరువాత పళ్లెములు, గిన్నెలు, చెంచాలు, బట్టలు రాజొచ్చెను.

ఆ మొదటి దాతలలో నొక పేదరాలి కథ చెప్పక తీఱదు. ఆమె కుట్టుపనిచేత వారమునకు సగటున మూడున్నర షిల్లింగులు మాత్రము సంపాదించు రోగిష్ఠి. అవ్వగారి సొత్తునుండి ఆమెకు 480 పౌనులు వచ్చినవి. తండ్రి త్రాగుబోతై అప్పులు విడిచి చనిపోగా, ఆమె తోబుట్టువులు అప్పులవారికి పౌనుకు అయిదు షిల్లింగుల చొప్పున నిచ్చి సమాధానపఱచిరి. చట్టప్రకారము వారికేమియు రావలసినది లేకుండుటచే అప్పులవారు సంతోషముగా నొప్పుకొనిరి. ఈమె మాత్రము రహస్యముగా తక్కిన బాకీని పూర్తిగా చెల్లించెను. తల్లికి 100 పౌనులిచ్చి, మఱియొక 100 పౌనులు అనాథగృహమునకు తెచ్చెను. ముల్లరు వెంటనే చేయిచాపలేదు. ఆమెను పిలిపించి, ఆవేశముచేత నిచ్చి పిదప విచారించునేమో యని పలువిధముల ప్రశ్నించి, ఆమె నిశ్చయమెఱిగిన పిమ్మటనే స్వీకరించెను. తోడివారి సంచిలో చేయిపెట్టిన విద్యార్థి పదేండ్లలో ఇంత దూరము నడచెను.

ఇల్లు దొరకినది, సేవకులు దొరకిరి. 1836 ఫిబ్రవరిలో పిల్లల దరఖాస్తులు తీసికొనుటకు దినము నిర్ణయించి, ముల్లరు రెండు గంటలు వేచి కూర్చుండెను. ఒక్కరును రాలేదు. ఇంటికి నడచుచు, తాను ధనమునకై ప్రార్థించితిని, ఇంటికై ప్రార్థించితిని, మనుష్యులకై ప్రార్థించితిని గాని, అనాథలను బంపుమని యడుగుట మఱచితినని జ్ఞప్తికి దెచ్చుకొనెను. బ్రిస్టలులో అనాథలకు కొఱత లేదుగదా యని తలంచి, ఆ యొక్క విషయమున తన యూహపై నిలిచియుండెను. ఆ సాయంకాలము దానినిగూర్చి ప్రార్థించెను. మఱునాడు మొదటి దరఖాస్తు వచ్చెను. ఏప్రిల్ 11వ తేదీని విల్సను వీధిలోని 6వ నెంబరు ఇంట ఆడపిల్లలతో గృహము ప్రారంభమయ్యెను. మొదట నడిగిన 1000 పౌనులు 1837 జూను 15వ తేదీ నాటికి, ఏ మనుష్యుని నడుగకయే, పూర్తియయ్యెను.

దీనిని జదివి, వాగ్దానమును నమ్మినవాని జీవితము పువ్వులబాటయని యెవ్వరును తలపరాదు. 1838 మొదలు ఏడెనిమిది సంవత్సరములు ఆతడు కత్తిమీద నడచెను. ఉదయమున నుపాహారమైన తరువాత మధ్యాహ్నభోజనమునకు కాసులేని దినము లెన్నియో కలవు. గృహసేవకులు తమ జీతములను, తమ స్వంతవస్తువులను విక్రయించి వచ్చిన సొమ్మును పిల్లల యన్నమునకై వేసిరి. రొట్టెలవాడును పాలవాడును వారము చివర పైకము పుచ్చుకొందుమనిరి గాని, అది అప్పే యగునని ముల్లరు ఎప్పటి కప్పుడు చెల్లించు నియమము పెట్టెను. ఎవ్వరికిని ఏమియు బాకీపడరాదని పౌలు రోమీయులకు వ్రాసిన యాజ్ఞ ఆతనికి వాగ్దానముతో సమానమైన శాసనము. వాగ్దానమును మాత్రము పట్టుకొని ఆజ్ఞను విడుచుట, దస్తావేజులో తనకు లాభమైన పంక్తిని జదివి షరతులను దాటవేయుటవంటిదని మా వృత్తివారికి తోచును. ఇంత యిబ్బందిలోను పిల్లలకు ఒక్కపూటయైన భోజనము తప్పలేదు.

ఇచట నొక ఆక్షేపణను విచారింపవలెను. యాచింపనని చెప్పుచునే సంవత్సరమునకొక నివేదికను ప్రకటించుట పరోక్షముగా యాచించుట కాదా యని యాతనిని పలువు రడిగిరి. ఆక్షేపణలో బలము లేకపోలేదు. ఆ నివేదికలు చదివియే దాతలనేకులు ధనము పంపిరి. ముల్లరు దీనికి మాటలతో గాక నడతతో సమాధానమిచ్చెను. 1841 డిసెంబరులో సభ జరిపి నివేదిక ప్రకటింపవలసిన సమయమునకే పెట్టె ఖాళీయయ్యెను. అప్పుడు సభ పెట్టినచో కష్టము తనంతట వెల్లడియగునని, సభను నివేదికను గూడ వాయిదావేసెను. తరువాత నాలుగుమాసములు మునుపెన్నడు నెఱుగని కొఱత కలిగెను. ఆతడు నోరు తెఱవలేదు. ఈ నాలుగుమాసముల చరిత్రమే ఆతని చిత్తశుద్ధికి గట్టి సాక్ష్యమని మా యభిప్రాయము.

1845 అక్టోబరులో విల్సను వీధివాసి యొకడు, ఇంతమంది పిల్లల సందడిచే ఇరుగుపొరుగువారికి ఇబ్బందిగా నున్నదని మర్యాదగా జాబు వ్రాసెను. ముల్లరు కోపింపలేదు. పొరుగువాని మాట న్యాయమని యొప్పుకొని, పట్టణపు టంచున గృహము కట్టించుటకు ప్రార్థింప నారంభించెను. డిసెంబరులో 1000 పౌనుల దానము వచ్చెను. ఆష్లీ డౌన్ అను మిట్టమీద స్థలము దొరకెను. ఎకరము ధర 200 పౌనులు. యజమానుని చూడబోగా ఆయన ఇంటలేడు. మఱునాడు కలిసికొన్నప్పుడు, తాను తెల్లవారుజామున రెండుగంటలు నిద్రపట్టక ఈ స్థలమును గూర్చియే ఆలోచించితిననియు, అనాథగృహమునకైనచో 120 పౌనులకే యిచ్చెదననియు యజమానుడు చెప్పెను. కట్టడమునకు వలయు ధనము చేతికి వచ్చిన తరువాతనే, 1847 జూలైలో పని మొదలుపెట్టిరి. 300 పిల్లలకు సరిపోవు మొదటి గృహము 1849 జూను 18వ తేదీని తెఱువబడెను. రెండవది 1857లో, మూడవది 1862లో, నాలుగవది 1868లో, అయిదవది 1870లో పూర్తియై, అయిదింటిలో కలిపి 2050 పిల్లలకు చోటు గలిగెను.

1857 నవంబరు చివర మొదటి గృహమున నీటిని వేడిచేయు బాయిలరు కాఱజొచ్చెను. అది యిటుకకట్టడములో నిమిడియున్నది. మరమ్మతుకు నిప్పు ఆర్పవలెను. లోపల 300 పసిపిల్లలున్నారు. పని చేయించుటకు దినము నిర్ణయించిన పిమ్మట చలిగొట్టు ఉత్తరపుగాలి వీచెను. ముల్లరు రెండు వరములే యడిగెను. గాలి దక్షిణమునకు తిరుగవలెను. యెరూషలేము గోడ కట్టిన నెహెమ్యా కాలపువారివలె పనివారికి పనియందు మనస్సు కలుగవలెను. మంగళవారము సాయంకాలము వఱకు ఉత్తరపుగాలియే. బుధవారము దక్షిణపుగాలి వీచి, నిప్పు అవసరమే లేకపోయెను. రాత్రి పెద్దమేస్త్రి, పనివారు పొద్దుపోవువఱకు పనిచేసి మఱునాడు పెందలకడ వత్తురని చెప్పగా, వారు తెల్లవార్లు చేసి ముగించెదమనిరి. గాలి తిరుగుట యాదృచ్ఛికమని చదువరి తలపవచ్చును. అందులకు మేము వాదింపము. అయితే ఆతడు ప్రార్థించుటతో తృప్తిపడక, మేస్త్రీలను పిలిపించి, దినము నిర్ణయించి, ఆ రాత్రి బాయిలరుగదిలోనికి తానే దిగి పనివారిని చూచెనని గూడ గుర్తింపవలెను.

వాగ్దానము నాధారము చేసికొని ప్రార్థించుటకు ఆతడు అయిదు షరతులు చెప్పెను. తన యోగ్యతపై గాక క్రీస్తు యోగ్యతపై నాధారపడుట, తెలిసిన ప్రతి పాపమును విడుచుట, దేవుని మాటను ప్రమాణముగా నమ్ముట, ఆయన చిత్తమునకు లోబడి యడుగుట, ఫలించువఱకు విడువకుండుట. మొదటి షరతు క్రైస్తవుల కసాధారణమైనది. తక్కిన నాలుగింటిని ఏ మతమున నుండు భక్తుడైనను తన హృదయముతో సరిచూచుకొనవచ్చును. కీర్తనలలో దైవము తండ్రిలేనివారికి తండ్రియని చెప్పబడియున్నది. కావున ఈ పిల్లలు నావారు గారు, నీవారే, నీ పిల్లలకు నీవు పెట్టవలెనని యాతడు వాదించుచుండెను. తన కట్టి విశేషవరమేమియు లేదనియు, సామాన్యుడైన యే విశ్వాసియైనను ఇట్లే చేయవచ్చుననియు పలుమాఱు చెప్పెను.

ఆతని ప్రార్థనలన్నియు వెంటనే ఫలించెననుట అసత్యము. 1844 నవంబరులో అయిదుగురు మనుష్యుల మనఃపరివర్తనమునకై ప్రతిదినము ప్రార్థింప నారంభించెను. ఒకడు పదునెనిమిది మాసములకును, రెండవవాడు మఱి యైదేండ్లకును, మూడవవాడు మఱి యాఱేండ్లకును మాఱిరి. ముప్పదియాఱు సంవత్సరములైన పిదపను తక్కిన యిద్దఱు మాఱలేదు. ఆతడు ప్రార్థించుట మానలేదు. 1870 ఫిబ్రవరి 6వ తేదీని, నలువది సంవత్సరములు సంచి మోయుటలో తోడైన భార్య మేరీ మరణించినప్పుడు, ఆమె యంత్యక్రియల ధర్మోపన్యాసమును తానే చేసెను. ఇచ్చినప్పుడును తీసికొన్నప్పుడును దైవము మంచివాడే యని యా యుపన్యాసపు సారాంశము.

ఈతని పనిలో దోషములు లేవని మేము చెప్పము. తలిదండ్రుల నిరువురను గోల్పోయి, ధర్మవివాహమున బుట్టిన పిల్లలను మాత్రమే ఆతడు చేర్చుకొనెను. తలిదండ్రుల తప్పునకు శిశువును వెలివేయుట నేడు మనకు రుచింపదు. తండ్రిలేనివారి తండ్రి యట్టి విభాగము చేసినట్లు ఆ కీర్తనలో లేదు. ఆడపిల్లలను గృహసేవకును, మగపిల్లలను చేతిపనులకును తయారుచేసి పంపెను. అయినను, బీదపిల్లలకు వారి స్థితికి మించిన చదువు చెప్పుచున్నాడని యానాటి కొందఱు ఆతనిని నిందించిరనుటనుబట్టి, ఆ కాలపు మనస్సు తెలియుచున్నది.

డెబ్బదవ యేట, 1875లో, ఆతడు దేశాటన మారంభించి పదునేడు సంవత్సరములు 42 దేశములలో బోధించెను. హిందూదేశమునకు రెండుమాఱులు వచ్చెను. రెండవమాఱు 1890 జనవరిలో జబ్బల్‌పూరులో నుండగా ఏకైకపుత్రిక లిడియా మరణవార్త యందెను. 1892లో యాత్రలు ముగించి బ్రిస్టలులోనే నిలిచెను. 1898 మార్చి 9వ తేదీ సాయంకాలము ప్రార్థనకూటమును నడపి, మఱునాటి యుదయమున తన గదిలో ఒంటరిగా మరణించెను. ఆతని వయస్సు 92 సంవత్సరములు.

ఆతని జీవితకాలమున ఆ గృహములలో పెరిగిన పిల్లలు 10,000కు పైబడిరి. ఆతని సంస్థ పాఠశాలలలో చదివినవారు లక్షకు మించిరి. ఆతని చేతిమీదుగా నడచిన ధనము దాదాపు 15 లక్షల పౌనులు. ఆతని స్వంత వ్యయమునకై దాతలు ప్రత్యేకముగా నిచ్చిన సొమ్ములోనుండి, తన పేరు చెప్పక సంస్థకే తిరిగి యిచ్చినది 81,000 పౌనులకు పైగా నున్నట్లు మరణానంతరము లెక్కలు చూడగా తేలెను. ఆతని యాస్తి విలువ 160 పౌనుల చిల్లర. అందులో నధికభాగము పుస్తకములును గృహసామగ్రియు. ఆ అయిదు భవనములు 1958లో బ్రిస్టలు నగరమువారికి విక్రయింపబడినను, ఆష్లీ డౌన్ మీద నవి నేటికిని నిలిచియున్నవి.

చదువరులారా! తండ్రి సొమ్ము జోడులో దాచిన బాలుడే ఈ లెక్కను మనకప్పగించి పోయెను. ఆశీర్వాదమును కోరి మనము చేతులు జోడించినప్పుడు, ఎవరి నిమిత్తమై కోరుచున్నాము, కోరినది చేతికి వచ్చినచో దానిని ఎవరికి లెక్క చెప్పుదుము అని మనల మనము ప్రశ్నించుకొందము గాక. మన వాకిట నిలిచిన అనాథశిశువును లోనికి బిలువక, దైవము తన మాట తప్పెనని నిందించుట మనకు తగదు. సర్వలోకపిత మనకు ఆయన మాటయందు నమ్మకమును, మన మాటయందు సత్యమును అనుగ్రహించుగాక.